కారు ఇన్సూరెన్సు – ఫోనులో ధరల పోలిక – మనము చూడవలసినవి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు ఈసారి కారు ఇన్సూరెన్సు మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉర్దూ మీడియం పంతులుకు ఈ సంగతులతో ఏమి పని అని నవ్వేవారు నవ్వవచ్చును. పాలసీ కాగితం ఇంగ్లీషులో వస్తుంది. దానిని చదివి మనవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం పంతులు పనే గదా. ఈ సంచిక ఇంటింటికీ పోతుంది గనుక, ఇంట్లో పిన్నా పెద్దా అందరూ చదవగలిగే తెలుగులోనే మనవి చేస్తున్నాము.

ముందుగా ఒక పాత సంగతి. మన తండ్రుల కాలంలో ఇన్సూరెన్సుకు ధర పోల్చుకునే అవసరమే లేకుండెను. 1973లో సాధారణ ఇన్సూరెన్సు వ్యాపారం జాతీయమైనది. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అని నాలుగే కంపెనీలు మిగిలినవి. ఏ కంపెనీకి పోయినా బండికి ఒకటే టారిఫ్, ఒకటే లెక్క. తెలిసిన ఏజెంటు ఎవరుంటే వారి దగ్గరే చేసేవారు. తరువాత ప్రైవేటు కంపెనీలు వచ్చినవి. 2007 జనవరి 1 నుంచి బండికి జరిగే సొంత నష్టానికి కంపెనీలే తమ ధర నిర్ణయించుకునే వీలు వచ్చింది. అప్పటినుంచి ఒకే కారుకు ఒక్కొక్కచోట ఒక్కొక్క ధర. ఆ ధరలన్నీ ఒక్క పట్టికలో చూపిస్తామని పాలసీబజార్ వంటి వెబ్‌సైట్లు బయలుదేరినవి. పాలసీబజార్ మొదలైనది 2008లో. ఇప్పుడు రాయికోడ్‌లో కూర్చొని, బండి నంబరు కొట్టి, పది కంపెనీల ధరలు రెండు నిమిషాలలో చూడవచ్చును. ఇది మంచి సదుపాయమే, మేము దీనికి వ్యతిరేకం కాదు.

అయితే ఒక తేడా గమనించవలెను. మూడో మనిషికి జరిగే నష్టానికి చేసే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ధర కంపెనీల చేతిలో లేదు, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ప్రైవేటు కారు 1000 సి.సి. లోపుది అయితే 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సి.సి. దాకా 3,416, ఆపైన 7,897. దీనిమీద 18 శాతం జి.ఎస్.టి. ఈ భాగం ఏ కంపెనీలోనైనా ఒకటే. కనుక ఫోనులో ఒక వరుసకూ ఇంకొక వరుసకూ కనబడే తేడా అంతా మిగిలిన భాగంలో ఉన్నది. ఆ మిగిలిన భాగంలో ఏది కోసి ధర తగ్గించారో చూడడమే మన పని.

మన సీమలో అల్లం పండించేవారు ఉన్నారు. మట్టి అంటిన అల్లానికీ కడిగి ఆరబెట్టిన అల్లానికీ ఒకటే ధర చెబితే రైతు ఊరుకుంటాడా? ఫోనులో పట్టిక కూడా అంతే. పైన ఉన్న వరుసలో మట్టి ఎంత, అల్లం ఎంత అని ఎవరూ చెప్పరు. ఉదాహరణకు అయిదారేండ్ల కారు, 1197 సి.సి. అనుకోండి. ఒక వరుసలో 7,950 రూపాయలు, దాని కింద 8,740 అని ఉన్నది. మన వేలు పైదాని మీదికే పోతుంది. కాని చిన్న అక్షరాలలో ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పాడైనా, దొంగలు ఎత్తుకుపోయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. పైవరుసలో అది 2,90,000, కింది వరుసలో 3,60,000. ఇక్కడ 790 రూపాయలు మిగిలినవి, రేపు అవసరం పడితే 70,000 తక్కువ వస్తాయి. కారు కొత్తదైతే ఈ అంకెకు ఒక లెక్క ఉన్నది: ఏడాది దాటి రెండేండ్ల లోపు 20 శాతం తరుగు, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, అయిదేండ్ల లోపు 50. అయిదేండ్లు దాటిన తరువాత కంపెనీ, యజమాని ఒప్పుకున్నంత. మన మండలంలో తిరిగే కార్లలో చాలావరకు సెకండ్ హ్యాండువే, అయిదేండ్లు దాటినవే. అందుకే వెబ్‌సైటు ఆ అంకెను ఎంతకైనా జరపగలుగుతున్నది. ముందు అన్ని వరుసలకూ ఐ.డి.వి. ఒకటే పెట్టి, తరువాత ధర చూడండి. ఆ మీట దాదాపు అన్ని వెబ్‌సైట్లలో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

అట్లాగే నష్టంలో మన జేబు నుంచి పెట్టుకోవలసిన భాగం. 1500 సి.సి. లోపు కారుకు ప్రతి క్లెయిములో 1,000 రూపాయలు, ఆపైన దానికి 2,000 తప్పనిసరి. ఇది గాక "నా అంతట నేను ఇంకా ఇంత పెట్టుకుంటాను" అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ 2,500 మొదలు 15,000 దాకా ఉండవచ్చును. ఎక్కువ పెడితే ధర తగ్గుతుంది. కొన్నిసార్లు ఆ గడి మనము ముట్టకముందే నిండి ఉంటుంది.

ప్లాస్టిక్ సామాను సంగతి కూడా వినండి. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ మార్చితే కంపెనీ సగమే ఇస్తుంది. అద్దానికి మాత్రం కోత లేదు. ఈ కాలపు కారు ముందుభాగమంతా ప్లాస్టిక్కే. 8,000 రూపాయల బంపరు పగిలితే 4,000 పోగా, అందులో తప్పనిసరి 1,000 పోగా, చేతికి వచ్చేది 3,000. ఈ కోత లేకుండా ఉండడానికే జీరో డిప్రిసియేషన్ అని అదనపు రక్షణ అమ్ముతారు. కొత్త కారుకు అది తీసుకోవలసినదే అని మా అభిప్రాయం. పాత కారుకు చాలా కంపెనీలు ఇవ్వనే ఇవ్వవు, ఇచ్చినా ధర చూసి ఆలోచించండి. ఇంజనుకు వేరే రక్షణ ఉన్నది. 2025 ఆగస్టు చివరలో మెదక్, కామారెడ్డి వైపు వరదలు చూసినాము. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్టు చేస్తే ఇంజను లోపలికి నీరు పోయి చెడుతుంది. మామూలు పాలసీ కింద కంపెనీలు ఆ ఇంజను నష్టాన్ని ఇవ్వవు. వర్షాకాలంలో వాగులు దాటే దారులున్న మన ఊళ్లకు ఇది పనికివచ్చే రక్షణ. తాళంచెవి పోతే ఇస్తాము, సామాను పోతే ఇస్తాము అనే మిగతావి షోకులు.

"సస్తా రోయే బార్ బార్, మహంగా రోయే ఏక్ బార్" అని మన పెద్దలు అంటారు. ఈ విషయంలో ఆ సామెత సగమే చెల్లుతుంది. ఖరీదైన పాలసీ కొన్నవాడు కూడా అవసరంలేని షోకులతో ఖరీదు చేసుకొని, అవసరమైనది వదిలేసి ఉండవచ్చును.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ధర కంటే పెద్దది ఇది. వెబ్‌సైటు మనలను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. పోయిన సంవత్సరం క్లెయిము చేసినారా? బండి ఎవరి పేరున ఉన్నది? గ్యాసు కిట్టు ఉన్నదా? యజమానికి వేరేచోట ప్రమాద ఇన్సూరెన్సు ఉన్నదా? మన ఊళ్లలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎవరు? ఇంటర్నెట్ దుకాణం పిల్లవాడు. లేదంటే సౌదీలో, దుబాయిలో ఉన్న కొడుకు తన ఫోను మీద. వారికి తెలిసిన గడి వారు నొక్కుతారు, ధర తగ్గే గడి ముందు నొక్కుతారు. కాని కాగితం మీద అది యజమాని ఇచ్చిన జవాబే. వేలిముద్ర వేసిన స్టాంపు కాగితం ఎంతో అది కూడా అంతే.

మన సభ్యులలో ఒకరి సంగతి ఆయన అనుమతితో చెప్తున్నాము, పేరు మాత్రం వద్దన్నారు. హైదరాబాదులో ఒక సెకండ్ హ్యాండు కారు తీసుకున్నారు. ఆర్.సి. సక్రమంగా తన పేరు మీదికి మార్పించుకున్నారు. పాలసీ గడువు దగ్గరపడితే ఇంటర్నెట్ దుకాణానికి పోయినారు. నంబరు కొట్టగానే పాత వివరాలు తెర మీదికి వచ్చినవి, నో క్లెయిమ్ బోనస్ 45 శాతం అని కూడా వచ్చింది. ఆ పిల్లవాడు సంతోషంగా 'అవును' నొక్కినాడు. సొంత నష్టం ప్రీమియం 6,800 రూపాయలలో 3,060 తగ్గింది, పన్నుతో కలిపి 3,611 మిగిలినట్లు. రెండు నెలలకు రాత్రిపూట అడవిపంది అడ్డం వచ్చి బంపరు, రేడియేటరు, లైట్లు పోయినవి. 58,000 బిల్లు. కంపెనీ వారు పాత రికార్డు తీసి, ఆ బోనస్ మీది కాదు, పాత యజమానిది, మీరు తప్పు వివరం ఇచ్చినారు అని ఉత్తరం పంపినారు. పైసా రాలేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదని ఈ సభలో ఉన్నవారందరికీ తెలుసు. కాని ఆ తెర మీది జవాబు ఆయన చదవలేదు, ఆయన పేరున ఇంకొకరు చెప్పినారు.

నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. క్లెయిము లేని మొదటి సంవత్సరానికి 20 శాతం, తరువాత 25, 35, 45, చివరికి 50. బండి అమ్మినవాడు దానిని తన కొత్త బండికి తీసుకుపోవచ్చును, కొన్నవానికి రాదు. పాలసీ గడువు దాటి 90 రోజుల లోపు రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ మురిగిపోతుంది. క్లెయిము చేసి కూడా చేయలేదని నొక్కడం ఎట్లాంటిదో ఈ సభకు వేరే చెప్పనవసరం లేదు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలని కూడా మోటారు టారిఫ్‌లో నిబంధన ఉన్నది. కంపెనీ ఆ పని చేయలేదని ఫిర్యాదులో వ్రాయవచ్చును, అంతమాత్రాన మన జవాబు ఒప్పు కాబోదు.

బండి కొన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవలెను. బీదర్ నుంచి కె.ఎ.38 నంబరు బండ్లు, హైదరాబాదు బండ్లు మన దగ్గరికి చాలా వస్తున్నవి. ఆరు నెలలు, ఏడాది పాత పేరు మీదనే తిరుగుతున్నవి. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ చట్టప్రకారం కొన్నవానికి సంక్రమిస్తుంది. సొంత నష్టం రక్షణ అట్లా తనంతట తాను రాదు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. బదిలీ జరిగిన 14 రోజుల లోపు కంపెనీకి తెలిపి పాలసీ మన పేరున చేయించుకోవలెను. పాత యజమాని పేరుతోనే ఫోనులో రెన్యువల్ చేస్తే వెబ్‌సైటు పైసలు తీసుకుంటుంది, పాలసీ కూడా పంపుతుంది. నష్టం జరిగిన నాడు ఈ బండి మీది అని ఎక్కడున్నది అని కంపెనీ అడుగుతుంది.

ఇంకొక గడి గురించి తల్లులు, అక్కచెల్లెళ్లు ప్రత్యేకంగా వినవలెనని కోరుతున్నాము. యజమాని తానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 15 లక్షల రూపాయలు వచ్చే రక్షణ ఒకటి ఉన్నది. ఇది తప్పనిసరి. అయితే వేరే బండి మీదనో, వేరే పాలసీలోనో ఇంతే రక్షణ ముందే ఉన్నవారికి మళ్లీ అవసరం లేదు. అందుకని వెబ్‌సైటు "మీకు ముందే ఉన్నదా" అని అడుగుతుంది. 'ఉన్నది' అని నొక్కితే కొన్ని వందలు తగ్గుతవి. ఆ కొన్ని వందల కోసం, లేనిది ఉన్నదని నొక్కినవారు ఎందరో. రేపు ఏదైనా జరగరానిది జరిగితే, అల్లాహ్ కాపాడుగాక, ఇద్దత్‌లో కూర్చున్న భార్యకు ఆ గడి సంగతి ఎవరు చెప్పవలె?

దీనిలోనే ఇంకొక ముడి ఉన్నది. ఈ 15 లక్షలు ఆర్.సి.లో పేరున్న యజమానికే, అదీ ఆయనకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. మన ఇళ్లలో కారు అమ్మీ పేరున, లేదా సౌదీలో ఉన్న అబ్బా పేరున ఉంటుంది. నడిపేది కొడుకు. అప్పుడు ఆ కొడుకుకు ఈ రక్షణ లేదు. అతనికి విడిగా ప్రమాద ఇన్సూరెన్సు చేయించండి.

కిరాయి సంగతి చిన్నగా చెప్తాము. ప్రైవేటు నంబరు కారులో శంషాబాదు విమానాశ్రయానికి, గుల్బర్గా జియారత్‌కు మనిషికి ఇంత అని మాట్లాడుకొని తీసుకుపోతున్నారు. ప్రైవేటు కారు పాలసీ కిరాయి ప్రయాణానికి చెల్లదు. చుట్టాలను ఊరికే తీసుకుపోవడం వేరు, పైసలు తీసుకోవడం వేరు. కిరాయికి తిప్పేవారు టాక్సీగా రిజిస్టరు చేయించి, ఆ రకం పాలసీ తీసుకోవలెను. ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చును, అయినా చెప్పక తప్పదు.

"ఇదంతా ఎందుకు, పోలీసు ఆపితే చూపించడానికి ఒక కాగితం చాలు" అనేవారు ఉన్నారు. 2019 సవరణ తరువాత ఇన్సూరెన్సు లేని బండికి మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి జరిమానా 4,000. కాని ఆలోచించవలసినది ఈ రెండు వేల గురించి కాదు. మన బండి తగిలి ఎవరైనా చనిపోతే ట్రిబ్యునల్ లక్షల్లో పరిహారం వేస్తుంది. పాలసీ లేకుంటే అది యజమాని కట్టవలె, ఉన్న రెండెకరాలు అమ్మి అయినా కట్టవలె. చనిపోయినవాడు కూడా ఒకరి తండ్రే. అతని పిల్లలకు న్యాయంగా రావలసినది మన అశ్రద్ధ వల్ల ఆగిపోతే, అది హుఖూఖుల్ ఇబాద్ ప్రశ్న అవుతుంది.

ఇన్సూరెన్సు హలాలా, హరామా అని అడిగేవారికి ఒక మాట. ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. 1985 డిసెంబరులో జెద్దాలో జరిగిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ సమావేశం వ్యాపార ఇన్సూరెన్సును కాదన్నది, పరస్పర సహకారం మీద నడిచేదాన్ని ఒప్పుకున్నది. ఆ పద్ధతిలో తకాఫుల్ కంపెనీలు 1979లో సూడాన్‌లో మొదలైనవి. మలేషియా 1984లో దానికి చట్టమే చేసింది. మన దేశంలో కారుకు అట్టి కంపెనీ లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టప్రకారం తప్పదు. ఆపైన ఎంత తీసుకోవలెనో మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. తీసుకున్నది మాత్రం సరిగ్గా చదివి తీసుకోండి. అప్పును వ్రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని సూరె బఖరాలో అంత పెద్ద ఆయతు ఉన్నదంటే, వ్రాతకు మన దీన్‌లో ఉన్న విలువ తెలుస్తుంది.

వెబ్‌సైటు మనకు చుట్టం కాదు. అమ్మిన పాలసీ మీద దానికి కంపెనీ నుంచి ప్రతిఫలం వస్తుంది. ఒప్పందం లేని కంపెనీలు ఆ పట్టికలో కనబడవు. "టాప్" అని, "బెస్ట్" అని వ్రాసినదాన్ని తూకం వేయకుండా నమ్మరాదు. పెట్టుబడితో కలిసిన కొన్ని జీవిత బీమా పథకాలను ఆధారం చూపకుండా టాప్ అని చూపించడం మొదలైన ఉల్లంఘనలకు 2025 ఆగస్టులో ఐ.ఆర్.డి.ఎ.ఐ. పాలసీబజార్‌కు 5 కోట్ల జరిమానా వేసింది. ఈ ఐ.ఆర్.డి.ఎ.ఐ. అనేది ఇన్సూరెన్సు కంపెనీలను అదుపుచేసే సంస్థ, దాని పెద్ద ఆఫీసు హైదరాబాదులోనే ఉన్నది. కనుక రెండు వెబ్‌సైట్లు చూడండి, నచ్చిన కంపెనీ సొంత వెబ్‌సైటులో అదే ఐ.డి.వి. పెట్టి ధర చూడండి, పాత ఏజెంటును కూడా అడగండి. క్లెయిము నాడు జహీరాబాదుకో సంగారెడ్డికో వచ్చి మాట్లాడే మనిషి ఉండడానికి కూడా ఒక విలువ ఉన్నది. నగదు లేకుండా రిపేరు చేసే గ్యారేజీ మనకు దగ్గరలో ఉన్నదా అనేది కూడా అక్కడే చూడండి. పటాన్‌చెరు దాకా బండిని లాక్కుపోవలసి వస్తే ఆ ఖర్చు కూడా లెక్కే.

ఫోను నంబరు ఇచ్చిన నిమిషం నుంచి కాల్స్ మొదలవుతవి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. నుంచి మాట్లాడుతున్నామని, బోనస్ వచ్చిందని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, ఎవరికీ బోనస్ పంచదు. ఒక మనిషి సొంత యు.పి.ఐ. నంబరుకు పైసలు పంపరాదు. కంపెనీకి ప్రీమియం చేరనిదే రక్షణ మొదలు కాదని 1938 నాటి ఇన్సూరెన్సు చట్టమే చెప్తున్నది. పాలసీ వచ్చిన తరువాత ఎం పరివాహన్‌లో బండి నంబరు కొట్టి, ఇన్సూరెన్సు గడువు ఎక్కిందా లేదా చూసుకోండి. నకిలీ పాలసీ అయితే అక్కడ బయటపడే అవకాశం ఎక్కువ.

క్లెయిము తిరస్కరిస్తే నోటిమాటతో ఊరుకోకండి, కారణం వ్రాతలో అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి వ్రాయవలెను. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర ఏ.సి.గార్డ్స్‌లో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉన్నది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు పోవలెను. ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి ఫిర్యాదు ఫోను 155255. ఇంగ్లీషులో అర్జీ వ్రాయడం కష్టమైతే సంఘం ఆఫీసులో వ్రాసిపెడతాము. ఆర్.సి., లైసెన్సు, ఈ సంవత్సరం పాలసీ, దానికి ముందటి సంవత్సరం పాలసీ, కంపెనీ ఉత్తరం – వీటి జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. వస్సలాం.